పాపకి ఎంఎంఆర్ వేయించాలా, మాటలు వచ్చేదాకా ఆగాలా?

ప్రశ్న: నమస్కారం మేడం. మేము టెక్సాస్‌లో, డాలస్ దగ్గర ఉంటాం. బాబుకి నాలుగేళ్ళు. పోయినేడు ఆటిజం అని చెప్పారు. మొదట్లో అమ్మ, తాత, బాల్ అనేవాడు, ఏడాదిన్నర వచ్చేసరికి ఒక్కొక్కటే మానేశాడు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్ టీకా వేయించిన కొద్ది వారాలకే ఇదంతా మొదలైందని మావారి నమ్మకం. ఇప్పుడు పాపకి వచ్చే నెల ఏడాది నిండుతుంది, అదే టీకా వేయాలి. మావారు, విజయవాడలో ఉన్న మా అత్తగారు దానికి మాటలు బాగా వచ్చేదాకా ఆగమంటున్నారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళే వెబ్‌సైట్‌లో మార్చి రాశారని ఆయన చూపిస్తున్నారు. మూడు టీకాలూ విడివిడిగా వేయిద్దామని కూడా అంటున్నారు. పాప టీకా వయసు రాగానే ఇండియా ప్రయాణం ఉంది. బాబుకి ఆ సూది వేసినరోజు వాడిని ఒళ్ళో కదలకుండా పట్టుకున్నది నేనే. రాత్రుళ్ళు అదే గుర్తొచ్చి నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: వేయించండి అమ్మా. ఏడాది నిండగానే, ఆలస్యం చేయకుండా వేయించండి.

మీరు అడిగింది టీకా గురించే అయినా ఉత్తరంలో అసలు బరువంతా చివరి మాటల్లో ఉంది, అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను. బాబుని ఒళ్ళో పట్టుకుని మీరు ఏ తప్పూ చేయలేదు. వాడికి ఆ సూది వల్ల ఆటిజం రాలేదు. మీరు ధైర్యంగా ఉండాలని ఏదో ఒకటి చెప్పేస్తున్నానని అనుకోకండి, పాతికేళ్ళకు పైగా ఎన్నో దేశాల్లో లక్షల మంది పిల్లల్ని చూసి తేల్చుకున్న విషయం ఇది.

మరి ఆ కొద్ది వారాల సంగతేమిటని మీవారు అడుగుతారని మీరు అనుకుంటూ ఉంటారు. ఎంఎంఆర్ మొదటి డోసు 12 నుంచి 15 నెలల మధ్య వేస్తారు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు వచ్చిన మాటలు కూడా పోగొట్టుకుంటారు, అది ఎక్కువగా ఏడాది దాటాక, రెండేళ్ళ లోపల జరుగుతుంది. రెండూ ఒకే కాలంలో పడతాయి. కాకి వాలగానే తాటిపండు రాలితే కాకే రాల్చిందని అనిపించడం సహజం, కానీ పండు అప్పటికే పండి ఉంది. పిల్లవాడి కళ్ళముందు కూర్చుని రోజూ వాడిని చూసే తల్లిదండ్రులకి అలా అనిపించడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. మీ ఆయన్ని కూడా ఆ విషయంలో తప్పు పట్టకండి, ఆయన తన కొడుక్కి ఏమైందో వెతుక్కుంటున్నారు.

అప్పటికే పండి ఉందని ఎలా తెలుసు అంటే, అమెరికాలో పరిశోధకులు రెండో నెల నుంచే పసిపిల్లల చూపు ఎటు పోతోందో యంత్రాలతో కొలుస్తూ వచ్చారు. తర్వాత ఆటిజం అని తేలిన పిల్లల్లో ఎదుటి మనిషి కళ్ళలోకి చూడటం రెండు నుంచి ఆరు నెలల మధ్యలోనే తగ్గుతూ వచ్చింది. 2013లో ఇది నేచర్ పత్రికలో వచ్చింది. 2017లో అదే పత్రికలో ఇంకొకటి వచ్చింది: అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పసిపిల్లలకి ఆరు నెలలప్పుడు, ఏడాదప్పుడు మెదడు స్కాన్ తీస్తే, తర్వాత ఆటిజం తేలిన వాళ్ళలో మెదడు పైపొర ఆ వయసులోనే మామూలుకన్నా వేగంగా విస్తరిస్తూ కనిపించింది. అంటే ఎంఎంఆర్ వేసే నాటికే లోపల అది నడుస్తోంది, మనకి పైకి కనిపించేది తర్వాత.

ఐదు దేశాల్లో 20 లక్షల మంది పిల్లల మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఆటిజంలో జన్యువుల పాత్ర సుమారు 80 శాతమని తేలింది. ఈ మాట చెప్పగానే మన ఇళ్ళలో మీ వైపు నుంచి వచ్చిందా, మా వైపు నుంచి వచ్చిందా అనే పంచాయితీ మొదలవుతుంది, దయచేసి దాన్ని ఇంట్లోకి రానివ్వకండి. ఇందులో పాత్ర ఉన్న జన్యువులు వందల్లో ఉన్నాయి, ఇద్దరి నుంచీ కొన్ని వస్తాయి, కొన్ని మార్పులు తల్లిలోనూ తండ్రిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా వస్తాయి. ఎవరినీ బోనులో నిలబెట్టే విషయం కాదిది.

ఇక పాప సంగతి. అన్నకి ఉంది కాబట్టి చెల్లెలికి ఈ టీకా ప్రమాదమేమో అనేది మీ అందరి భయం. సరిగ్గా ఈ ప్రశ్ననే పట్టుకుని 2015లో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు, జామా పత్రికలో వచ్చింది. 95,727 మంది పిల్లలు, వాళ్ళలో 1,929 మందికి ఆటిజం ఉన్న అన్నో అక్కో ఉన్నారు. ఆ 1,929 మందిలో కూడా ఎంఎంఆర్ వేసుకున్న వాళ్ళలో ఆటిజం వేసుకోని వాళ్ళకన్నా ఎక్కువగా రాలేదు. అందులోనే ఇంకో సంగతి ఉంది, అది చదువుతుంటే నాకు మీలాంటి ఇళ్ళే గుర్తొచ్చాయి: మామూలు కుటుంబాల్లో రెండేళ్ళు నిండేసరికి 84 శాతం పిల్లలకి ఎంఎంఆర్ పడితే, పెద్దబిడ్డకి ఆటిజం ఉన్న ఇళ్ళలో 73 శాతానికే పడింది. భయంతో ఆగినవాళ్ళు వాళ్ళు. ఆగడం వల్ల ఆటిజం తగ్గలేదు, పిల్లలకి రక్షణ మాత్రం లేకుండా పోయింది.

డెన్మార్క్‌లో ఇంకా పెద్దది చేశారు. 1999 నుంచి 2010 దాకా పుట్టిన 6,57,461 మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించి 2019లో ఫలితాలు ఇచ్చారు. టీకా వేసుకున్న వాళ్ళకీ వేసుకోని వాళ్ళకీ ఆటిజంలో తేడా లేదు. ఇంట్లో అన్నకో అక్కకో ఉన్నవాళ్ళని విడిగా తీసి చూసినా తేడా లేదు.

ఇక్కడ మీకు కష్టంగా ఉన్నా ఒక మాట ముందే చెప్పాలి. పెద్దబిడ్డకి ఆటిజం ఉన్నప్పుడు తర్వాతి బిడ్డకి వచ్చే అవకాశం మామూలుకన్నా ఎక్కువే. 2024లో వచ్చిన లెక్క ప్రకారం అలాంటి ఇళ్ళలో ప్రతి ఐదుగురిలో ఒకరికి, ఆడపిల్లలైతే సుమారు 13 శాతం మందికి తేలుతోంది. టీకా వేయించినా అంతే, వేయించకపోయినా అంతే. ఇది ఇప్పుడే మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. రేపు ఏదైనా లక్షణం కనిపిస్తే, చూశావా నేను చెప్పాను కదా అనే మాట మీ ఇంట్లో జీవితాంతం ఉండిపోతుంది, ఆ మాటకి అవకాశం ఇవ్వకుండా ముందే తెలుసుకుని ఉండండి.

టీకా వల్ల ఆటిజం వస్తుందనే ఈ కథ ఎక్కడ పుట్టిందో మీవారికి చెప్పండి, ఎందుకంటే విడివిడిగా వేయిద్దామన్న ఆయన ప్రశ్న కూడా అక్కడే పుట్టింది. 1998 ఫిబ్రవరిలో లండన్ రాయల్ ఫ్రీ ఆస్పత్రికి చెందిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టర్, ఆయన సహచరులు లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. అందులో ఉన్నది మొత్తం 12 మంది పిల్లలు. ఎంఎంఆర్ వల్లే ఇది వచ్చిందని నిరూపించామని ఆ వ్యాసం కూడా అనలేదు. కానీ ప్రెస్ మీట్‌లో ఆయన ఎంఎంఆర్ ఆపి మూడింటినీ విడివిడిగా వేయాలని అన్నాడు. విడిగా వేసే తట్టు టీకా ఒకదానికి అంతకుముందు ఏడాదే ఆయన పేరు మీద పేటెంట్ దరఖాస్తు ఉందన్న సంగతి అప్పుడు జనానికి తెలియదు. టీకా కంపెనీల మీద కేసు వేయబోతున్న లాయర్ల ద్వారా ఆయనకి 4 లక్షల పౌండ్లకు పైగా ముట్టిందని, ఆ పిల్లల్లో కొందరు ఆ కేసుల వైపు నుంచి వచ్చినవాళ్ళేనని కూడా తెలియదు. బ్రయాన్ డీర్ అనే విలేకరి ఏళ్ళ తరబడి తవ్వితే ఇవన్నీ బయటపడ్డాయి. ఆస్పత్రి రికార్డులతో పోల్చి చూస్తే 12 మందిలో ఒక్కరి వివరాలు కూడా వ్యాసంలో ఉన్నది ఉన్నట్టు లేవు, ఐదుగురికి టీకాకి ముందే ఎదుగుదలలో తేడాలు నమోదై ఉన్నాయి. 2010 ఫిబ్రవరిలో లాన్సెట్ ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, ఆ మే నెలలో బ్రిటన్‌లో ఆయన డాక్టర్ రిజిస్ట్రేషన్ రద్దయింది, 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దాన్ని మోసం అని సూటిగా రాసింది.

అందుకని విడివిడి టీకాల మాట పక్కన పెట్టండి. 2025 అక్టోబర్‌లో అమెరికా ప్రభుత్వంలోని పెద్దలు కూడా ఆ మాట అన్నారు, కానీ అలా వేయడానికి అమెరికాలో విడి టీకాలే లేవు. ఒకవేళ దొరికినా పాపకి రెండు సూదులకి బదులు ఆరు పడతాయి, మధ్యలో నెలల తరబడి ఏదో ఒక జబ్బుకి రక్షణ లేకుండా ఉంటుంది. దానివల్ల మేలు జరుగుతుందని చూపించిన ఆధారం ఏదీ లేదు. జపాన్‌లో 1993లో ఎంఎంఆర్ పూర్తిగా ఆపేశారు, కారణం వేరు, అక్కడి టీకాలో గవదబిళ్ళల భాగం వల్ల కొందరికి మెదడు పొరల వాపు వచ్చింది. ఆపేశాక యొకొహామాలో లెక్క చూస్తే ఆటిజం కేసులు తగ్గలేదు, పెరుగుతూనే పోయాయి.

పాదరసం మాట కూడా వాట్సాప్‌లో తిరుగుతుంది కాబట్టి ఒక్క ముక్క. టీకా చెడిపోకుండా కలిపే, పాదరసం ఉన్న థయోమెర్సాల్ అనే పదార్థం ఎంఎంఆర్‌లో ఎప్పుడూ లేదు, అది కలిపితే అందులోని బతికున్న వైరస్ చచ్చిపోతుంది. మిగతా చిన్నపిల్లల టీకాల నుంచి అమెరికాలో 2001 కల్లా దాన్ని దాదాపు తీసేశారు, ఆటిజం నిర్ధారణలు తర్వాత కూడా పెరిగాయి. 2000లో ఎనిమిదేళ్ళ పిల్లల్లో 150 మందికి ఒకరని అన్నారు, 2022లో 31 మందికి ఒకరు. పెరిగిన సంఖ్య చూస్తే ఎవరికైనా కంగారు పుడుతుంది. కానీ 1994లోనూ 2013లోనూ ఆటిజం అంటే ఏమిటనే నిర్వచనాలు మారాయి, పిల్లలందరినీ 18, 24 నెలలకి పరీక్షించమని డాక్టర్లకి చెప్పారు, స్కూళ్ళలో సాయం దొరకడం మొదలైంది. మన ఊళ్ళలో మూగవాడు, మొండివాడు, మెంటల్ అని పిలిచి మూలన కూర్చోబెట్టిన పిల్లల్లో ఎంతమందికి ఇదే ఉందో ఎవరు లెక్కపెట్టారు?

ఇక సీడీసీ వెబ్‌సైట్. మీ ఆయన చూపించింది నిజమే, 2025 నవంబర్ 19న అక్కడ రాత మార్చారు. టీకాల వల్ల ఆటిజం రాదనే మాటకి ఆధారం లేదని, పసిపిల్లల టీకాలు కారణం కావచ్చనే అవకాశాన్ని అధ్యయనాలు పూర్తిగా కొట్టెయ్యలేదని ఇప్పుడు ఉంది. ఏదైనా కొత్త అధ్యయనం వచ్చి మార్చారా అంటే, లేదు. ఆరోగ్య మంత్రి రాబర్ట్ ఎఫ్. కెనడీ జూనియర్ తానే చెప్పి మార్పించానని ఒక పత్రికకి చెప్పారు, ఆయన పదవిలోకి రాక ముందు ఏళ్ళ తరబడి ఇదే ప్రచారం చేసిన మనిషి. టీకాలు ఆటిజం కలిగించవు అనే శీర్షిక మాత్రం తీసెయ్యలేదు, పక్కన ఒక నక్షత్రం గుర్తు (*) పెట్టి, కింద సెనేట్ ఆరోగ్య కమిటీ అధ్యక్షుడితో కుదిరిన ఒప్పందం వల్ల ఉంచామని రాశారు. ఆ కమిటీ అధ్యక్షుడు బిల్ కాసిడీ స్వయంగా డాక్టర్. ఒక వైద్య సంస్థ పేజీ ఇలా బేరసారాల మీద నడుస్తోందంటే మీకు కోపం రావాలి, నాకైతే వచ్చింది.

పూర్తిగా కొట్టెయ్యలేదనే వాదన వినడానికి బాగుంటుంది. దాన్ని దేనికైనా వాడొచ్చు. ఉగ్గు పెట్టడం వల్ల రాదని, లాల పోయడం వల్ల రాదని కూడా నూటికి నూరు పాళ్ళు ఎవరూ నిరూపించలేరు, ఏ అధ్యయనమైనా సంబంధం కనిపించిందా లేదా అని మాత్రమే చెప్పగలదు. ఇక్కడ లక్షల మందిలో వెతికినా కనిపించలేదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం తన మాట మార్చుకోలేదు. 2025 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీ మళ్ళీ ఆధారాలన్నీ చూసి సంబంధం లేదనే చెప్పింది.

మనలాగే వేరే దేశం నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడిన వాళ్ళకి ఏం జరిగిందో చెప్తాను, మన వాట్సాప్ గ్రూపులు చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది. మిన్నెసోటాలో సోమాలీ కుటుంబాలు చాలా ఉన్నాయి. 2004లో వాళ్ళ పిల్లల్లో రెండేళ్ళకి ఎంఎంఆర్ వేసుకున్నవాళ్ళు 92 శాతం, అంటే రాష్ట్రంలో మిగతావాళ్ళకి ఏమాత్రం తీసిపోరు. తర్వాత తమ పిల్లల్లో ఆటిజం ఎక్కువగా ఉందనే భయం పట్టుకుంది. కొత్త దేశం, కొత్త భాష, పిల్లవాడికి ఏమైందో సరిగ్గా విడమరిచి చెప్పేవాళ్ళు లేరు. ఆ ఖాళీలోకి టీకా వ్యతిరేకులు వచ్చారు, డాక్టర్ రిజిస్ట్రేషన్ పోయిన ఆ వేక్‌ఫీల్డ్ కూడా వెళ్ళి వాళ్ళతో సమావేశాలు పెట్టాడు. 2014 కల్లా టీకా 42 శాతానికి పడిపోయింది. 2017లో తట్టు వచ్చి 75 మందికి సోకింది, ఎక్కువమంది సోమాలీ పిల్లలే. వాళ్ళ ఆటిజం పిల్లలకి థెరపీ గానీ స్కూలు సాయం గానీ ఆ వచ్చినవాళ్ళు తెచ్చిపెట్టారా? ఏమీ లేదు.

మీ దగ్గరికే వస్తే, 2025లో పశ్చిమ టెక్సాస్‌లో గెయిన్స్ కౌంటీ దగ్గర మొదలైన తట్టు ఆగస్టులో ముగిసిందని ప్రకటించేసరికి రాష్ట్రంలో 762 కేసులు. బడికి వెళ్ళే వయసు పిల్లలు ఇద్దరు చనిపోయారు, ఇద్దరికీ టీకా లేదు. తట్టు ఉన్న మనిషి గదిలోంచి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా గాలిలో వైరస్ ఉంటుంది, రక్షణ లేనివాళ్ళు దగ్గరుంటే పదిమందిలో తొమ్మిదిమందికి అంటుకుంటుంది. వెయ్యిమందికి ఒకరిలో మెదడువాపు వస్తుంది. ఏళ్ళ తర్వాత మెదడుని మెల్లగా తినేసే ఎస్ఎస్‌పీఈ అనే జబ్బు కూడా ఉంది, చిన్న వయసులో తట్టు వచ్చిన పిల్లల్లోనే అది ఎక్కువ, దానికి నయం చేసే మందు లేదు. 2025 సెప్టెంబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఒక బిడ్డ దానితోనే పోయింది. టీకా వయసు రాకముందు, పసిగుడ్డుగా ఉన్నప్పుడు తట్టు సోకిన బిడ్డ.

టీకాకి అసలు ఇబ్బందులే లేవని నేను అనను. వేసిన వారం పదిరోజులకి జ్వరం, ఒంటి మీద కొద్దిగా దద్దు రావచ్చు. మూడు నాలుగు వేల డోసులకి ఒకరికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి, చూడటానికి భయంగా ఉంటుంది, వెంటనే డాక్టర్‌కి చూపించాలి, కానీ దానివల్ల మెదడుకి శాశ్వతంగా నష్టం జరగదు. ఇవి ముందే తెలిస్తే ఆ రాత్రి జ్వరం వచ్చినప్పుడు మీరు టెన్షన్ పడరు.

మీవారికి తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఒకటి మిగిలింది. ఆటిజం రావడానికి బాగా తెలిసిన కారణాల్లో ఒకటి, గర్భంలో ఉండగా తల్లికి రుబెల్లా సోకడం. 1964–65లో అమెరికాలో రుబెల్లా పెద్ద ఎత్తున వచ్చినప్పుడు సుమారు 20,000 మంది పిల్లలు దాని దెబ్బతో పుట్టారు, చెవుడు, కంటి శుక్లాలు, గుండె లోపాలతో. స్టెల్లా చెస్ అనే మానసిక వైద్యురాలు న్యూయార్క్‌లో అలాంటి 243 మంది పిల్లల్ని పరీక్షిస్తే వాళ్ళలో ఆటిజం మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. ఎంఎంఆర్‌లో చివరి అక్షరం ఆ రుబెల్లాదే. ఆటిజం తెస్తుందని ఇన్నేళ్ళుగా తిడుతున్న ఈ టీకానే, ఆటిజానికి రుజువైన ఒక దారిని మూసింది.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడ తరం వాళ్ళకి తట్టు అంటే ఏమిటో మనకన్నా బాగా తెలుసు, చిన్నప్పుడు మీ వీధిలో తట్టుతో పోయిన పిల్లలున్నారా అత్తయ్యా అని అడగండి, ఆవిడనే చెప్పనివ్వండి. 2017 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణ స్కూళ్ళలో తట్టు, రుబెల్లా టీకాలు వేసినప్పుడు కూడా వాట్సాప్‌లో ఇలాంటి పుకార్లే తిరిగాయి. ఇప్పుడు అక్కడ ప్రభుత్వం ఆ టీకాని 9 నెలలు నిండాక ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకోసారి ఉచితంగా వేస్తోంది. మీ ఆయన్ని మాత్రం పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, ప్రశ్నలన్నీ ఆయన్నే అడగనివ్వండి, మధ్యలో మీరు సమాధానం చెప్పకండి.

ప్రయాణం గురించి. విదేశాలకి వెళ్ళే పిల్లలకి ఏడాది దాటితే 28 రోజుల తేడాతో రెండు డోసులూ ముందే వేయొచ్చు, టికెట్ తేదీ చెప్పి డాక్టర్‌ని అడగండి. కనీసం మొదటిది బయల్దేరడానికి రెండు వారాల ముందు పడాలి. ఒకవేళ ఏడాది నిండకముందే విమానం ఎక్కాల్సి వస్తే ఆరు నెలలు దాటిన పిల్లలకి ముందస్తు డోసు ఒకటి వేస్తారు, అది లెక్కలోకి రాదు, తర్వాత మళ్ళీ రెండు వేయించాలి. ఇండియా వెళ్ళాక ఆటిజాన్ని నయం చేస్తామని స్టెమ్ సెల్ థెరపీ బోర్డులు పెట్టినవాళ్ళు, ఒంట్లో విషాలు తీసేస్తామని కీలేషన్ చేసేవాళ్ళు ఎవరైనా బాబు గురించి మాట్లాడితే లేచి వచ్చేయండి. 2005లో అమెరికాలో ఐదేళ్ళ ఆటిజం బాబు ఒకడు కీలేషన్ చేయిస్తుండగా చనిపోయాడు. టీకా విషం అనే కథ నమ్మినవాళ్ళనే ఈ వ్యాపారాలు వెతుక్కుంటూ వస్తాయి.

పాపని గమనిస్తూ ఉండండి. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతోందా, కావలసినదాన్ని వేలితో చూపిస్తోందా, మీరు చూపించిన వైపు చూస్తోందా. 18 నెలలకి, రెండేళ్ళకి ఆటిజం పరీక్ష తప్పనిసరిగా చేయించండి. ఏ మాత్రం అనుమానం వచ్చినా టెక్సాస్‌లో మూడేళ్ళ లోపు పిల్లలకి ఈసీఐ అనే కార్యక్రమం ఉంది, డాక్టర్ చీటీ లేకుండా మీరే ఫోన్ చేయొచ్చు.

బాబుకి నాలుగేళ్ళు కాబట్టి వాడి బాధ్యత మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. ప్రత్యేక ప్రీస్కూల్, స్పీచ్ థెరపీ అక్కడ ఉచితంగా రావాలి, ఇంకా అడగకపోతే ఈ వారమే ఎవాల్యుయేషన్ కోసం రాతపూర్వకంగా అడగండి, ఈమెయిల్ చాలు. ఇంకొకటి, రెండు భాషలైతే వాడు గందరగోళపడతాడు, తెలుగు మానేయండి అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రెండు భాషల ఇళ్ళలో పెరిగే ఆటిజం పిల్లల్ని పరిశీలించినవాళ్ళకి దానివల్ల మాటలు ఆలస్యమైనట్టు ఎక్కడా కనిపించలేదు. వాడితో తెలుగులోనే మాట్లాడండి, మీ అత్తగారిని కూడా వీడియో కాల్‌లో మాట్లాడమనండి.